ఇంగ్లీషు దరువు పట్టిన మా హెప్సిబా

మా సంఘం కన్వెన్షన్ మొదలై ఈ ఏటికి డెబ్భై ఐదేళ్ళు. గుర్తుగా పుస్తకం వేస్తున్నాం, యాభై నాలుగేళ్ళు తర్జుమా చేసినవారు మీరు, మీ గురించి నాలుగు పేజీలు రాసివ్వండి అని కార్యదర్శి పాల్ గారు అడిగారు. రాయడానికి కూర్చుంటే నా సంగతులు ఒకటిన్నర పేజీలో అయిపోయాయి. ఆ తర్వాత కలం మా తమ్ముడి కూతురు హెప్సిబా వైపే పోయింది. అందుచేత మొత్తం ఆమె గురించే రాస్తున్నాను. నా సంగతులు అవసరమైన చోట వస్తాయి. అవి చెప్పకపోతే ఆమె చేసింది ఎంత పనో చదివేవారికి తెలియదు.

హెప్సిబా 1994లో పుట్టింది. ఊరు మాదే, గుండేటిపాలెం. ఉయ్యూరు దాటి కాలవ కట్ట మీద నాలుగు కిలోమీటర్లు. తండ్రి ఏసుపాదం మా గుడిలో ముప్ఫై ఏళ్ళు డోలక్ వాయించాడు. వారమంతా పొలం, ఆదివారం డోలక్. పిల్ల అతని పక్కన కూర్చుని కంచం మీద, తలుపు మీద, పడుకుని ఉంటే నా వీపు మీద కూడా వాయించేది. తొమ్మిదో ఏట మొదటిసారి గుడిలో వాయించింది. ఒళ్ళో పెట్టుకుంటే డోలక్ వెనక పిల్ల కనపడేది కాదు. అప్పట్లో కొందరు గొణిగారు.

"ఆడపిల్లకి డోలకేందయ్యా ఏసుపాదం, తాళాలిచ్చి కూర్చోబెట్టు."

"తాళాలు కూడా వాయిస్తదిలెండి. ముందు ఇది కానీండి," అన్నాడు మావాడు.

ఉయ్యూరులో డిగ్రీ చదివింది. ఇప్పుడు గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో ఫోన్ల దగ్గర పని. పొద్దున్న ఏడూ నలభై బస్సుకు పోయి, సాయంత్రం ఆరున్నరకు దిగుతుంది. చెన్నై వాళ్ళు, కొచ్చి వాళ్ళు, పూణే వాళ్ళు, అందరితో రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇవి కాక గడిచిన రెండేళ్ళలో గుడివాడ, బందరు, తెనాలి, మంగళగిరిలో ముప్ఫై ఒక్క కూటాలకు, ఏడుగురు విదేశీ ప్రసంగీకులకు తర్జుమా చేసింది. ఈ అంకెలు ఆమె చెప్పలేదు. నేనే లెక్క పెట్టుకున్నాను.

తర్జుమా అంటే తెలియనివారు ఈ రోజుల్లో ఉండవచ్చు కాబట్టి చెప్తాను. పందిట్లో రెండు మైకులు. ఒక మైకు దగ్గర దొరగారు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగుతారు. రెండో మైకు దగ్గర మనం దాన్ని తెలుగులో చెప్తాం. ఆయన చెయ్యెత్తితే మనం చెయ్యెత్తాలి, ఆయన గొంతు తగ్గిస్తే మనమూ తగ్గించాలి. మధ్యలో సందు పడకూడదు. సందు పడితే పిల్లలు ఏడుస్తారు, పెద్దలు దగ్గుతారు.

నేను చదివింది ఎనిమిదో తరగతి, ఊరి మిషన్ బడిలో. ఇంగ్లీషు నేర్పింది అక్కడి మిస్సమ్మ గారు. పందొమ్మిదో ఏట మొదటిసారి మైకు ముందు నిలబడ్డాను. పదకొండు దేశాల వారికి తర్జుమా చేశాను. ఒకే రోజు ఐదు కూటాలు చేసి ఆరో దానికి గొంతు పోతే బెల్లం నీళ్ళు తాగి అదీ చేశాను. కరెంటు పోయి మైకులు ఆగిన రోజున నా మాట కాలవ అవతల గట్టు మీద గడ్డి కోసేవాళ్ళకు వినపడిందని వాళ్ళే వచ్చి చెప్పారు. ఇవి గొప్పల కోసం రాయడం లేదు. జరిగినవి కాబట్టి రాస్తున్నాను.

ఇన్ని దేశాల వారి పక్కన నిలబడితే ఇంగ్లీషు ఒకటి కాదని తెలుస్తుంది. స్వీడన్ నుంచి వచ్చినాయన మాట ఉయ్యాలలాగా ఎక్కి దిగేది; ఆయన పక్కన నిలబడితే నాకు తెలియకుండానే నా తల ఊగేది. జర్మనీ ఆయన మాటకూ మాటకూ మధ్య తలుపు గడియ వేసినట్టు ఆగేవారు. కొరియా పాస్టరు గారు మాట చివర ఒక చిన్న అచ్చు తగిలించేవారు, అచ్చం మనలాగే. ఆయనది నాకు పెసరట్టు తిన్నంత సుఖంగా ఉండేది. కేరళ ఆయన ఇంగ్లీషు రేకుల మీద వానలాగా ఎడతెరిపి లేకుండా పడేది. మొత్తం మీద ఎవరి ఇంగ్లీషులోనైనా వారి అమ్మ భాష అడుగున నడుస్తూ ఉంటుంది. నాదైతే మా తెలుగు మాస్టారు పద్యం చెప్పించినట్టు ఉంటుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ఏ అక్షరానికి దక్కవలసినది దానికి ఇచ్చి మరీ మాట్లాడతాను. ఎవరికీ ఎగ్గొట్టను.

ఇక చెప్పడానికి ఇష్టం లేని సంగతి. డెబ్భై దాటాక నా చెవులు తగ్గాయి. తెలుగు బాగానే వినపడేది, అందువల్ల అది చెవుడని నేనే నమ్మలేదు. మా ఆవిడ సంపూర్ణమ్మ మాత్రం నమ్మింది.

"నీకు ఊరందరి తెలుగూ వినపడుద్ది, నా తెలుగే వినపడదు," అనేది.

విజయవాడలో చెవి డాక్టరు గారు పరీక్ష చేసి అసలు సంగతి చెప్పారు. వయసులో ముందు పోయేవి సన్నటి శబ్దాలట. స, ఫ, ట లాంటివి. మన తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచి ఆపుతాం. అది చెవిటి చెవికి కూడా దొరుకుతుంది. ఇంగ్లీషు మాట నాలుక చివర, పెదవుల మధ్య తెగిపోతుంది. ఆ తెగిన ముక్కలే నాకు పోతున్నాయి. పైగా వాళ్ళు సగం అక్షరాలను మింగుతారు. డాక్టరు గారు చెవికి మిషన్ పెట్టుకోమన్నారు. మిషన్ పెట్టుకున్న తర్జుమాదారుణ్ణి ఎవరైనా వేదిక ఎక్కిస్తారా అని ఆలోచించి, ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళు నెగ్గుకొచ్చాను. బైబిలు వాక్యం నాకు కంఠతా వచ్చు. దొరగారు ఏ భాగం తీశారో తెలిస్తే తర్వాత ఏం చెప్తారో సగం ముందే తెలుస్తుంది.

2023 ఫిబ్రవరిలో స్కాట్లండ్ నుంచి డంకన్ గారు వచ్చారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. గొర్రెల కాపరుల కుటుంబం, ఎర్రటి చేతులు, మెల్లటి మనిషి. శుక్ర, శని, ఆదివారాలు మూడు సాయంత్రాల కూటాలు. శుక్రవారం ఆయన కాగితం చూసి చదివారు, బాగానే గడిచింది. శనివారం మధ్యాహ్నం ఆయనకు భోజనం సువార్తమ్మ ఇంట్లో. సువార్తమ్మ మా వీధి చివర ఉంటుంది, పొలం పనికి పోతుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు దీవెన అంతకు ముందు సంవత్సరం పందొమ్మిదేళ్ళకే విషజ్వరంతో పోయింది. అప్పటినుంచి సువార్తమ్మ కూటాలకు వచ్చేది, ముందు వరసలో కూర్చునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. కూతురి పేరు ఆమె నోట మళ్ళీ ఎవరూ వినలేదు. భోజనం దగ్గర మా పాస్టరు గారు ఈ సంగతి డంకన్ గారికి చెప్పారట. నేను లేను.

ఆ సాయంత్రం డంకన్ గారు కాగితాలు పక్కన పెట్టేశారు. వేదిక అంచుకు వచ్చి, గొంతు బాగా తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. సౌండ్ బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. వేదిక మీద ఉన్నవాడికి దక్కేది వెనక గోడకు తగిలి వచ్చే హోరు. మొదటి వాక్యం అందలేదు. రెండోది అందలేదు. ఆయన ఆగి నా వైపు చూశారు. ఆరు వందల మంది నా వైపు చూశారు.

"అయ్యగారూ, మళ్ళీ ఒకసారి" అనవచ్చు. యాభై నాలుగేళ్ళలో ఆ మాట అనలేదు. ఆ రోజు కూడా నోరు రాలేదు. నా దగ్గర ఒక నారుమడి ప్రసంగం ఉంది. పాస్టరు గారు ఊళ్ళో లేని ఆదివారాల్లో ఎన్నోసార్లు చెప్పినది. నారు పీకడానికి వచ్చి గట్టు మీద నిద్రపోయిన మామగారి కథతో మొదలవుతుంది. అది అందుకున్నాను. ఆయన ఒక వాక్యం చెప్పడం, నేను నారుమడిలోంచి ఒక వాక్యం తీయడం. జనం నవ్వారు. స్తోత్రం అన్నారు. మామగారు లేచి మడి అంతా ఖాళీ అయిందని చూసుకున్న చోట పందిరి ఎగిరిపోయేటట్టు నవ్వారు. అప్పుడు డంకన్ గారి కళ్ళు తడిగా ఉన్నాయని చూశాను. ఆయన జనాన్ని చూశారు, నన్ను చూశారు, ఇంకో రెండు వాక్యాలు చెప్పి ప్రార్థన చేసి ముగించేశారు.

"ఈ రోజు మీ తర్జుమా అదిరిందండీ మరియదాసు గారూ," అన్నారు పాల్ గారు. ఇంకో పదిమంది అన్నారు. డంకన్ గారి యాస మా పాస్టరు గారికీ పట్టుబడలేదు కాబోలు. డోలక్ దగ్గర కూర్చున్న హెప్సిబా మాత్రం డోలక్‌కు గుడ్డ చుట్టుకుంటూ నన్నే చూసింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే వచ్చింది. మా ఆవిడ పాలకు పోయింది. నేను అరుగు మీద ఉన్నాను. నాకు కనపడేటట్టు ఎదురుగా, దగ్గరగా కూర్చుంది. అది కూడా అప్పుడే గమనించాను. చాలా నెలలుగా ఆమె నాతో ఎదురుగా కూర్చునే మాట్లాడుతోంది.

"పెదనాన్నా, రాత్రి ఆయన చెప్పింది నారుమడి గురించి కాదు."

నేను పేపరు మడిచాను. "దేని గురించంట?"

"వాళ్ళబ్బాయి గురించి. ఇరవై రెండేళ్ళప్పుడు పడవ మునిగి పోయాడంట. పదకొండేళ్ళయిందంట. ఏ గుడిలోనూ ఆ సంగతి చెప్పలేదంట. సువార్తమ్మత్తను చూశాక చెప్పాలనిపించిందన్నాడు. పేరు చెప్పకుండా ఆమె వైపే చూసి చెప్పాడు."

మడిచిన పేపరును ఇంకో మడత పెట్టాను.

"ఆయన చెప్తుంటే అందరూ నవ్వారు పెదనాన్నా. అత్త కూడా కొంచెం నవ్వింది."

"నీకేం తెలుసే," అన్నాను. మాట పెళుసుగా వచ్చింది. "నేను యాభై నాలుగేళ్ళు చేశాను. నువ్వు ఫోన్లలో మాత్రల పేర్లు చెప్పే మనిషివి. ఆ స్కాట్లండ్ ఇంగ్లీషు నీకెట్టా తెలిసింది?"

కోపం తెచ్చుకోలేదు. "మాటలన్నీ నాకూ తెలియలేదు. దెబ్బలు పట్టుకున్నా," అంది.

అరుగు మీద చెక్క పెట్టె ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుంది.

"మీరు మాట్లాడే ఇంగ్లీషు ఇట్టా ఉంటది," అని వేళ్ళతో వాయించింది. టక టక టక టక, అన్నీ ఒకే బరువు, నారు వరసలాగా. "నాదీ మొదట్లో ఇంతే. తెలుగోళ్ళందరిదీ ఇంతే. ఏ అక్షరాన్నీ బాధపెట్టం. వాళ్ళు అట్టా కాదు. డోలక్ ఎడమ పక్క దెబ్బ ఉంటది చూడండి, అది టైముకి పడిపోవాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక్క మాటుందా, నాలుగున్నాయా వాళ్ళకి పట్టదు. నాలుగుంటే గబగబా వేళ్ళతో తోసేస్తారు. ముఖ్యమైన మాట మాత్రం దెబ్బ మీదే పడుద్ది. నేను ఆ దెబ్బల కోసమే చూస్తా. మధ్యలోవి పోతే పోనీ అనుకుంటా. ఫోన్లో ఎంతమంది మాట్లాడినా నాకదే పని."

"ఒకటి చెప్పు."

అరచేత్తో పెట్టె మీద కొడుతూ చెప్పింది. "ఐ కెప్ట్ హిజ్ బూట్స్ బై ద డోర్ ఫర్ అ లాంగ్ టైమ్." కెప్ట్ మీద ఒక దెబ్బ, బూట్స్ మీద ఒకటి, డోర్ మీద ఒకటి, లాంగ్ మీద, టైమ్ మీద. మిగతావి దెబ్బల మధ్య గాలిలా వెళ్ళిపోయాయి. మళ్ళీ చెప్పింది. మళ్ళీ. స, ట నాకు అందలేదు. అయినా దెబ్బ ఎక్కడ పడుతోందో ఒంటికి తెలిసింది. మా మిస్సమ్మ గారు ఎనిమిదో తరగతిలో బెత్తంతో బల్ల మీద ఇలాగే కొట్టేవారు. అల్లరి ఆపమని కొడుతున్నారనుకుని మేమంతా చేతులు కట్టుకునేవాళ్ళం. అరవై ఏళ్ళ తర్వాత ఆమె కొట్టింది ఎందుకో తెలిసింది.

"బూట్లు గుమ్మం దగ్గరే పెట్టుకున్నాడా," అన్నాను.

"చాన్నాళ్ళు."

పెట్టె మీద అరచెయ్యి ఆనించి అడిగాను. "ఎవరికైనా చెప్పావా?"

"చెప్పలేదు. చెప్పను కూడా. మీ చెవి సంగతి నాకు కిందటేడే తెలుసు. నాన్నకి కూడా అనలేదు." కాసేపు పెట్టె అంచును గోటితో గీసింది. "కానీ ఆయన రేపు పొద్దున వెళ్ళిపోతాడు. ఆ మాటలు సువార్తమ్మత్తవి పెదనాన్నా. ఆమెకి ముట్టలేదు. నేను పోయి ఇంట్లో చెప్తే నా మాటలవుతాయి. ఆయన నోటితో ఇంకొకసారి రావాలి. అది మీరే అడగాలి."

అడగాలంటే వినపడలేదని ఒప్పుకోవాలి. నా జీవితంలో నేను ఎవరికీ బాకీ లేను, ఎవరి ముందూ తల వంచలేదు. ఇల్లు కట్టాను, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాను, మా పాలెం నుంచి మొదట వేదిక ఎక్కిన తర్జుమాదారుణ్ణి నేనే. అవన్నీ ఆ అరుగు మీద నా చుట్టూ కూర్చున్నట్టు అనిపించింది. ఏ ఒక్కటీ సాయానికి రాలేదు. చొక్కా వేసుకుని, "పద," అన్నాను.

డంకన్ గారు పాస్టరు గారింటి వెనక గదిలో ఉన్నారు. కుర్చీ బయట వేసుకుని టీ తాగుతున్నారు. హెప్సిబాను మాట్లాడమనలేదు. నేనే నిలబడి, నా ఇంగ్లీషులోనే, ఏ అక్షరానికీ ఎగ్గొట్టకుండా చెప్పాను. నిన్న మీ మాట నాకు వినపడలేదు. నాకు చెవుడు. నేను నా సొంత కథ చెప్పాను. అందుకే జనం నవ్వారు. మీ కొడుకు గురించి నవ్వలేదు. క్షమించాలి.

ఆయన గ్లాసు కింద పెట్టారు. జుట్టు పక్కకు తీసి, చెవి వెనక నుంచి శనగ గింజంత మిషన్ ఒకటి ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించారు. రెండో చెవిదీ చూపించారు. తర్వాత ఏదో చెప్పి నవ్వారు. ఎప్పటిలాగే నాకు సగమే అందింది. హెప్సిబా వైపు తిరిగాను.

"వచ్చినప్పటినుంచీ ఇక్కడ అందరి ఇంగ్లీషూ బాగా అర్థమవుతోందంట పెదనాన్నా. వాళ్ళ ఊళ్ళో మనవళ్ళు మాట్లాడితే సగం పోద్దంట. మీ ఇంగ్లీషులో ఒక్క అక్షరం కూడా పోలేదంట. ముసలోళ్ళ కోసం చేసిన ఇంగ్లీషులాగా ఉందంటున్నాడు."

"ముసలోళ్ళ కోసమన్నాడా, నువ్వు కలిపావా?"

"ఆయనే అన్నాడు."

సాయంత్రం మళ్ళీ అదే చెప్తానని ఆయన ఒప్పుకున్నారు. తర్జుమా ఎవరని అడిగారు. హెప్సిబా నన్ను చూసింది. నేను ఆమెను చూపించాను.

"నేను డోలక్ వాయించే మనిషిని పెదనాన్నా. మైకులో ప్రకటన కూడా ఎప్పుడూ చదవలేదు."

"దెబ్బలు పట్టుకుంటానన్నావు గదా. పట్టుకో."

మధ్యాహ్నం పాల్ గారికి చెప్పాను. ఆయనకు నచ్చలేదు. పాల్ గారు మంచివారే. పద్ధతి తప్పితే మాత్రం భయపడతారు.

"ఆడపిల్లని తర్జుమాకి ఎక్కించిన అలవాటు మనకి లేదండి. నిన్న మీరు అంత బాగా చేశారు, ఇవాళెందుకు మార్చడం? ఒంట్లో బాగోలేదా?"

"ఒంట్లో బానే ఉందండి. నిన్న నేను చేసింది తర్జుమా కాదు. ఎందుకు మారుస్తున్నానో వేదిక మీద నేనే చెప్తాను. ఆమె ఎక్కకపోతే నేనూ ఎక్కను, ఆయన ఒక్కడే ఇంగ్లీషులో చెప్పుకుంటాడు. మీ ఇష్టం."

ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకున్నారు. "చెప్పేదేదో రెండు మాటల్లో చెప్పండి," అన్నారు.

రెండు మాటల్లోనే చెప్పాను. సాయంత్రం పందిరి నిండా జనం. మైకు దగ్గర నిలబడి, నిన్న మీరు విన్నది డంకన్ గారి మాట కాదు, నాది, నాకు చెవులు పోయి ఆయన మాట అందలేదు, ఆయన ఈ రోజు అదే మళ్ళీ చెప్తారు, మా హెప్సిబా తెలుగు చేస్తుంది అన్నాను. పందిట్లో చిన్న కదలిక వచ్చింది. ఎవరో "అట్టనా" అన్నారు. దిగి మూడో వరసలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆమె తన పక్కన ఉన్న మంచినీళ్ళ సీసా నా వైపు జరిపింది.

డంకన్ గారు మళ్ళీ వేదిక అంచుకు వచ్చారు. మొదలుపెట్టారు. హెప్సిబా మైకు స్టాండును పట్టుకుని, ఒక వేలితో దాని మీద మెల్లగా కొట్టుకుంటోంది. ఆయన ఆగగానే చెప్పింది.

"నాకొక అబ్బాయి ఉండేవాడు."

నేనైతే ఆ చోట కనీసం మూడు విశేషణాలు తగిలించేవాణ్ణి. ఆమె ఒక్కటీ కలపలేదు. ఆయన చిన్నగా చెప్తే చిన్నగా, పెద్దగా చెప్తే పెద్దగా. సందు పడకూడదని నేను రాశానే, ఆమె సందులు పడనిచ్చింది. ఆయన గొంతు ఆగిన చోట తనూ ఆగింది. పిల్లలు ఏడవలేదు, ఎవరూ దగ్గలేదు. "వాడి బూట్లు చాలాకాలం గుమ్మం దగ్గరే ఉంచాను. వస్తే వేసుకుంటాడని కాదు. తీసేస్తే వాడు ఎప్పుడూ లేనట్టు ఉంటుందని." ఆ మాట తెలుగులో చెప్తున్నప్పుడు ఆమె మాలో ఇంకెవరి వైపూ చూడలేదు, సువార్తమ్మ వైపు చూసి చెప్పింది. ఆయన చూసినట్టే.

ప్రసంగం పావుగంటకు అయిపోయింది. ఆమెన్ అన్నారు. పాల్ గారు ముగింపు పాటకు లేవబోయారు. అంతలో ముందు వరసలో సువార్తమ్మ లేచి నిలబడింది. మా కూటాల్లో జనంలోంచి ఎవరూ ప్రసంగీకుణ్ణి ఏమీ అడగరు. అలాంటి పద్ధతి లేదు. ఆమె కొంగు సర్దుకుని, వేదిక మెట్టు దాకా వచ్చి, ఆయనను కాదు, హెప్సిబాను అడిగింది.

"అమ్మాయ్, ఆ బూట్లు ఇప్పుడున్నాయేమో అడుగు."

హెప్సిబా అడిగింది. ఆ ఇంగ్లీషు నేను మూడో వరసలోంచి విన్నాను. మాటలు అందలేదు. దెబ్బ పడిన చోట్లు మాత్రం డంకన్ గారివి ఎలా పడతాయో అలాగే పడ్డాయి. మా పాలెం పిల్ల నోట.

"ఉన్నాయంట అత్తా. నెలకోసారి తుడుస్తాడంట. పెద్దకొడుకు భార్య చూస్తే ఏమనుకుంటదోనని ఆవిడ లేనప్పుడు."

"నేనూ అంతే," అంది సువార్తమ్మ. "కాలేజీ బ్యాగు మేకుకే ఉంది. మా ఆయన తీసెయ్యమంటాడు. దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే తగిలిస్తా."

హెప్సిబా అది ఇంగ్లీషు చేసింది. డంకన్ గారు మెట్లు దిగి వచ్చారు. మైకు అక్కడే వదిలేశారు. ఇక ఏం మాట్లాడుకున్నా ముందు రెండు మూడు వరసలకే వినపడుతుంది. పాల్ గారు పాట పుస్తకం మూసి కూర్చున్నారు. డంకన్ గారు ఏదో అడిగారు.

"పాప పేరేంటని అడుగుతున్నాడత్తా."

సువార్తమ్మ వెంటనే చెప్పలేదు. ఏడాది దాటింది ఆ పేరు ఆమె నోట వచ్చి.

"దీవెన," అంది.

డంకన్ గారు పలికారు. వాళ్ళ అలవాటు ప్రకారం నడిమి అక్షరం మీద బరువంతా వేసి, మొదటిదాన్ని తోసేసి, చివరిదాన్ని మింగేసి పలికారు. సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"అట్టా కాదండీ," అంది నేరుగా ఆయనతోనే. చెయ్యి చాపి, ఒక్కొక్క వేలు ముడుస్తూ, "దీ. వె. న," అంది.

హెప్సిబా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. అక్కడ తర్జుమాకు ఏమీ లేదు. ఆయన ఆమె వేళ్ళనే చూస్తూ రెండోసారి ప్రయత్నించారు. చివరి అక్షరం మళ్ళీ పోయింది. ఆమె మళ్ళీ వేలు ముడిచింది. మూడోసారి ఆయన తన పెద్ద ఎర్రటి వేళ్ళు తనే ముడుచుకుంటూ, తొందర లేకుండా, మూడు అక్షరాలకూ దేని వంతు దానికి ఇచ్చి పలికారు.

"ఆఁ," అంది సువార్తమ్మ. "అదీ."